టక్ అంటే పొడి, టక్ టక్ అంటే తడి

జూన్ 11

కారు అద్దాలు అతికించే సీలెంట్ కంపెనీ వాళ్ళు ఏటా ఒక డైరీ ఇస్తారు. ఏటా మా ఆవిడ దాన్ని చింపి సరుకుల చీటీలకు వాడుతుంది. ఈసారి అడిగి షెడ్డుకి తెచ్చుకున్నాను. ఏం రాస్తారు అంది. పని వివరాలు అన్నాను.

ఇప్పుడు పళ్ళ డాక్టరమ్మ తెల్ల కారులో పక్క సీట్లో కూర్చుని రాస్తున్నాను. పొద్దున్న ముందు అద్దం దించి, కొత్త సీలెంట్ వేసి, మళ్ళీ కూర్చోబెట్టాం. అది పట్టేదాకా బండి కదపకూడదు. బండి కదలకపోతే నేనూ కదలను, అది నా అలవాటు. కిటికీ రెండు వేళ్ళంత దించి ఉంచాను. ఎవరైనా తలుపు దడాలున వేస్తే లోపలి గాలి అద్దాన్ని తోసేస్తుంది.

ఈ బండికి అద్దం వేసింది నేనే, మూడు వారాల కిందట. మొన్నటి వానకి కారిందట. కాళ్ళ దగ్గర మ్యాటు పిండితే చెంబెడు నీళ్ళు వచ్చాయట. "మేస్త్రీ గారూ, ఇందులో చేపలు పెంచుకోమంటారా?" అంది డాక్టరమ్మ నవ్వుతూ. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఎంతసేపు ఉంచాలో తెలియలేదు.

ఇరవై రెండేళ్ళ పని. కారిందని తిరిగొచ్చిన బండ్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. డ్రైవర్లు నన్ను పొడి మేస్త్రీ అంటారు. ఎందుకంటే పరీక్ష అయ్యాక నేను చెప్పేది ఆ ఒక్క మాటే.

బావమరిది బయట పైపు పడతాడు. నేను లోపల కూర్చుంటాను. నీళ్ళు కింది అంచు నుంచి మెల్లగా పైకి పోవాలి. పై నుంచి మొదలుపెడితే అంతటా పారి, ఎక్కడ దూరిందో తేలదు. ఆ హోరులో మాటలు వినపడవు కాబట్టి అద్దం మీద వేలి కణుపుతో కొడతాను. టక్ అంటే పొడి, ముందుకు పో. టక్ టక్ అంటే తడి, ఆపు. కొందరు టార్చి వేసి చూస్తారు. నల్ల సీలెంట్ మీద తడి కంటికేం కనపడుతుంది? కుడి చూపుడు వేలు అంచు వెంట పోనివ్వాలి. కన్ను మోసం చేస్తుంది కానీ వేలు చెయ్యదు.

నాకు తెలియని సంగతుల్లా ఇవన్నీ ఎందుకు రాస్తున్నానో.

సాయంత్రం పరీక్ష చేశాం. చుట్టూ వేలు పోనిచ్చాను. పొడి.

జూన్ 12

వాన. ఫోను మోగినప్పుడల్లా డాక్టరమ్మేనేమో అనుకున్నాను. కాదు.

జూన్ 15

టాక్సీ ఆయన వచ్చాడు. పోయిన నెల వేసిన అద్దం. పక్క సీటు వైపు కారుతోందట, ఎక్కినావిడ చీర తడిసి దిగేటప్పుడు నానా మాటలూ అందట.

నీళ్ళది దొంగ బుద్ధి. దూరేది ఒక చోట, తేలేది ఇంకో చోట. బానెట్ కింద ఆకులు పడి నీళ్ళు పోయే దారి మూసుకుపోయినా జనం అద్దం మీదికే తోస్తారు. ఆ సంగతే ఆయనకు చెప్పాను. బానెట్ ఎత్తి చూపించబోయాను. దారి శుభ్రంగా ఉంది, ఒక్క ఆకు లేదు.

అయితే సీలెంట్ బాగాలేదు. అంతే అయ్యుంటుంది. కంపెనీ వాళ్ళకి ఫోన్ చేసి గట్టిగా అడిగాను. ఈ సరుకు మీద ఇంకెవరూ ఫిర్యాదు చెయ్యలేదన్నారు. చెయ్యరు మరి, ఎవరి పరువు వాళ్ళకి ముఖ్యం.

"ఆడలేక మద్దెల ఓడు అన్నాట్ట" అన్నాడు బావమరిది, పైపు చుట్టుకుంటూ.

"ఎవర్నిరా అంటున్నావు?"

"ఊరికే అన్నాలే బావా. సామెత."

వాడు మా ఆవిడ తమ్ముడు. నలభై నాలుగేళ్ళు వచ్చినా నోరు మాత్రం చిన్నప్పటిదే.

అద్దం మళ్ళీ దించి వేశాం. పొడి.

జూన్ 16

ఈ పెన్ను మంచిది కాదు. జారుతోంది. అక్షరాలు కోడి కెలికినట్టు ఉన్నాయి.

పొద్దున్న కాఫీ కప్పు జారి పగిలింది. ఈ నెలలో మూడోది. మా ఆవిడ ముక్కలు ఏరుతూ, "చేతిలో ఏమైనా తేడాగా ఉందా అండీ?" అంది. కప్పు నున్నగా ఉంటే చెయ్యేం చేస్తుంది అన్నాను. గట్టిగానే అన్నాను. "నేను కప్పు గురించి అడగలేదు" అని లోపలికి వెళ్ళిపోయింది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఉండకూడదని, తర్వాత వంటింట్లోకి వెళ్ళి ఆ మాటా ఈ మాటా మాట్లాడాను.

జూన్ 17

చొక్కా గుండీలు పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. కాజాలు బిగుతుగా కుట్టాడు.

జూన్ 19

డాక్టరమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి చేపల జోకు వెయ్యలేదు.

నేను లోపల కూర్చుని, కప్పుకి వేసిన లేత రంగు గుడ్డ అంచు కిందికి లాగి చూస్తున్నాను. ఆవిడ పక్క తలుపు దగ్గర నిలబడి ఉంది. "మేస్త్రీ గారూ, చెయ్యి" అంది. ఏ చెయ్యి అన్నాను. గుడ్డ మీద పొడుగ్గా రక్తం చార ఉంది. ఇంకోటి, ఇంకోటి. నేను వేలు పోనిచ్చిన దారంతా ఉంది. ఎక్కడో గాజు పెంకు తగిలి చూపుడు వేలు చీరుకుపోయింది.

"తెలియలేదా?"

"పాత దెబ్బండి. మళ్ళీ రేగినట్టుంది."

ఆవిడ నా వేలు పట్టుకుని చూసింది. పాత దెబ్బ కాదని చిన్నపిల్లకైనా తెలుస్తుంది.

"నేను మత్తు సూది వేసి పంపిస్తాను చూడండి, వాళ్ళు ఇంటికెళ్ళి పెదవి కొరుక్కుంటారు. రక్తం వచ్చేదాకా కొరుక్కుంటారు. తెలియదు" అంది. "ఎవరికైనా చూపించండి. నాలాంటి పళ్ళ డాక్టరుకి కాదు."

అలాగేనండి అన్నాను. వేలికి ప్లాస్టరు చుట్టాను. గుడ్డ మీద రక్తం సబ్బు నీళ్ళతో బావమరిది తుడిచాడు. తుడుస్తున్నంతసేపూ ఒక్క సామెత కూడా చెప్పలేదు. నాకు దానికే భయం వేసింది.

అద్దం మళ్ళీ వేశాం. ప్లాస్టరు తీసేసి వేలు పోనిచ్చాను. పొడి.

జూన్ 20

పొడి.

జూన్ 25

నేను చెప్పలేదా, సీలెంట్‌దే తప్పు. కొత్త డబ్బాలు వచ్చాక ఆరు బండ్లు చేశాం. ఆరింట్లో ఒక్కటీ తిరిగి రాలేదు. వాన రోజూ పడుతూనే ఉంది, ఫోను రాలేదు. డాక్టరమ్మ బండీ రాలేదు, టాక్సీ ఆయనా రాలేదు. టాక్సీ ఆయన దారిలో కనపడితే చెయ్యి ఊపాడు కూడా.

మా ఆవిడతో అన్నాను, చూశావా అని. చూశాను అంది. ఆవిడ మొహంలో సంతోషం కనపడలేదు. మా అమ్మాయి మాత్రం మంచి హుషారుగా ఉంది. తను కారు నడపడం నేర్పుతుంది, రెండో పక్కన కూడా బ్రేకు ఉన్న బండి. రాయి తగిలి దాని అద్దం చీలి పదిహేను రోజులైంది.

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మా నాన్నకి రచ్చ అయిపోయింది, ఇల్లు మిగిలిపోయింది" అని అన్నం తింటూ దెప్పింది. ఈ వారంలో చేసిపెడతానన్నాను.

బావమరిది ఈ మధ్య మధ్యాహ్నం ఇంటికి తినడానికి రావడం లేదు. డబ్బా తెచ్చుకుంటున్నాడు. వాన అంటాడు.

జూన్ 27

రాయాలా వద్దా అనుకున్నాను. రాస్తాను.

మధ్యాహ్నం భోజనానికి బయల్దేరి సగం దారిలో కళ్ళజోడు కోసం వెనక్కి వచ్చాను. షెడ్డులో నీళ్ళ చప్పుడు. బావమరిది పైపుని స్టూలుకి కట్టేసి బండి మీదికి వదిలాడు. వాడు లోపల, నా సీట్లో కూర్చున్నాడు. పాత పేపర్ సన్నగా చింపి, ఆ ముక్కలు అద్దం అంచు వెంట వరసగా అంటించి చూస్తున్నాడు. తడి తగిలిన చోట పేపరు నల్లబడుతుంది. పొద్దున్న ఆ బండికి నేను చుట్టూ టక్, టక్, టక్ అని ఒక్కొక్కటే కొట్టాను.

మూల చెత్త డ్రమ్ములో చూశాను. తడి పేపర్ ముక్కలు ముద్దలు ముద్దలుగా ఉన్నాయి, వారం రోజులవి.

"ఆరింట్లో నాలుగు కారాయి బావా" అన్నాడు దిగి. "నువ్వు తినడానికి వెళ్ళినప్పుడు దిద్దాను. డాక్టరమ్మదీ, టాక్సీదీ వాళ్ళ దగ్గరికే వెళ్ళి దిద్దొచ్చాను."

"నా వెనకాల నా పని దిద్దుతావా?"

"నీ ముందర దిద్దితే ఊరుకుంటావా?"

"ఎన్నాళ్ళ నుంచి?"

"నీ చేతికి ఏదో అయింది. అక్క కూడా..."

"అక్కా తమ్ముడూ కలిసి నా మీద పంచాయితీ పెట్టారా? పైపు పట్టుకునేవాడివి పైపు పట్టుకో. వేలు పెట్టకు."

 వాడు కుళాయి కట్టేశాడు. పైపు చుట్టలు చుట్టి మేకుకి తగిలించాడు, రోజూ సాయంత్రం తగిలించినట్టే. టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్ళిపోయాడు.

అనకూడని మాటే. కానీ వాడు చేసింది చెయ్యదగ్గ పనా?

జూన్ 28

వాడు రాలేదు. మంచిదే.

అమ్మాయి బండి చేశాను. పాత అద్దం చుట్టూ తీగతో నేనే కోశాను. పాత సీలెంట్ చెక్కాను, గీతలు పడ్డ చోట ప్రైమర్ పూశాను, కొత్త సీలెంట్ చుట్టూ పరిచాను. సీలెంట్ గన్ను నొక్కుతుంటే ఒకటి రెండు చోట్ల చెయ్యి ఆగింది, మళ్ళీ సర్దుకుంది. అద్దం ఎత్తేటప్పుడు రెండో పక్క పట్టుకోవడానికి అమ్మాయి వచ్చింది. "మావయ్య ఏడి?" అంది. పనుంది అన్నాను.

సాయంత్రం పరీక్షకి పైపు తనే పట్టుకుంది. నేను లోపల కూర్చున్నాను. కింది అంచు, టక్. నడిపేవాళ్ళ వైపు, టక్. పైన, టక్. పక్క సీటు వైపు, టక్. కింది మూల దగ్గర వేలు ఒక్క క్షణం ఆపాను. ఏమీ లేదు. ఎందుకు ఆపానో తెలియదు. టక్.

"పొడి మేస్త్రీకి జై" అంది అమ్మాయి. చేతులు తడి చేసుకుని నా మొహం మీద చిలకరించింది. ఆ చల్లదనం తెలిసింది, బాగా తెలిసింది.

పొడి. చుట్టూ పొడి. రెండుసార్లు పోనిచ్చాను. పొడి.

జూన్ 29

రాత్రి నుంచి వాన. అమ్మాయి పొద్దున్నే పాఠాలకి వెళ్ళింది. సాయంత్రం మామూలుగా వచ్చింది. బండి ఎలా ఉంది అని అడగబోయి అడగలేదు. ఏమైనా ఉంటే తనే చెబుతుంది కదా.

జూన్ 30, ఉదయం

వేలు కాలింది. పొయ్యి మీంచి గిన్నె దించుతూ మా ఆవిడ నన్ను పక్కకి జరగమంది. నేను పొయ్యి గట్టు మీద చెయ్యి ఆనించి నిలబడ్డాను. ఏదో మాడుతున్న వాసన వచ్చింది. "ఏం మాడుతోంది?" అని నేనే అడిగాను. ఆవిడ తిరిగి చూసి కేక పెట్టింది. నా చూపుడు వేలు, మధ్య వేలు వేడి ఇనప చట్రం మీద ఉన్నాయి.

నొప్పి లేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. చెయ్యి కాలిన సంగతే తెలియకపోతే ఆకులు ఎప్పుడు పట్టుకోవాలి?

ఆవిడ మందు కోసం వెళ్ళినప్పుడు రెండు గ్లాసులు పెట్టాను. ఒకదాంట్లో నీళ్ళు, ఒకటి ఖాళీ. కళ్ళు మూసుకుని గ్లాసులు అటూ ఇటూ మార్చాను. ఎడమ వేలు పెట్టాను. ఇది నీళ్ళు, ఇది ఖాళీ. సరిగ్గా చెప్పాను. కుడి వేలు పెట్టాను. ఖాళీ. రెండో దాంట్లో పెట్టాను. ఖాళీ. కళ్ళు తెరిచాను. వేలు రెండో కణుపు దాకా నీళ్ళలో ఉంది.

పొడి అనుకున్నాను.

అన్నీ పొడే. ఎన్నాళ్ళుగానో అన్నీ పొడే నాకు. నీళ్ళలో ముంచినా పొడే.

అమ్మాయి బండి

జూన్ 30, సాయంత్రం

ఫోన్ చేశాను. ఎత్తలేదు. పాఠం చెప్పేటప్పుడు ఫోను డ్యాష్‌బోర్డు అరలో పెట్టి మూసేస్తుంది, అది తన నియమం. తొమ్మిదిసార్లు చేశాను. అద్దం కింద ఎడమ పక్కన ఫ్యూజుల డబ్బా ఉంటుంది. నీళ్ళు దాని మీద పడితే ముందు వైపర్లు ఆగుతాయి, తర్వాత ఏది ఆగుతుందో చెప్పలేం. అంతకన్నా పెద్ద భయం ఇంకోటుంది. సీలెంట్ పట్టని అద్దం, బండి గుద్దుకున్నప్పుడు నిలవదు, ఊడి పోతుంది. వాన కుండపోతగా ఉంది. స్టీరింగు దగ్గర కొత్తవాళ్ళు ఉంటారు.

చెప్పులు వేసుకోకుండా బావమరిది ఇంటికి వెళ్ళాను. తలుపు తీశాడు. క్షమించమని అడగాలని దారంతా మాటలు పేర్చుకున్నాను. నోట్లోంచి వచ్చింది మాత్రం, "అమ్మాయి బండి నేను చేశాను. పొడి అన్నాను. నాకు తెలియదు" అంతే.

వాడు నా కాలిన వేళ్ళ వైపు చూశాడు.  వ్యాను తాళాలు తీసుకుని, "ఎక్కు బావా" అన్నాడు.

మూతబడ్డ ఫ్యాక్టరీ గోడ పక్క రోడ్డులో తను వెనక్కి తిప్పడం నేర్పుతుంది. అక్కడ లేదు. మార్కెట్ చౌరస్తాలో లేదు. అమ్మాయిదీ తెల్ల బండే, తెల్లది కనపడ్డప్పుడల్లా నంబరు చదివాను. అంబులెన్స్ సైరన్ ఒకటి వినపడింది. బావమరిది అటు తిప్పబోయాడు. వద్దన్నాను, అటు పోతే నిజమవుతుందేమోనని. వాడు తిప్పాడు. మా దాకా రాకుండానే ఆ సైరన్ ఎటో వెళ్ళిపోయింది.

ఎత్తు రోడ్డు దిగే చోట, సగంలో, అంచుకి ఆపి ఉంది బండి. నాలుగు దీపాలూ వెలిగి ఆరుతున్నాయి. నేను వ్యాను ఆగకముందే దిగాను.

లోపల స్టీరింగు దగ్గర అరవై ఏళ్ళ పెద్దాయన ఉన్నాడు. దర్జీ. రిటైరయ్యాక కారు నేర్చుకుంటున్నాడట. పక్కన అమ్మాయి. ఇద్దరికీ ఏమీ కాలేదు. ఏమీ కాలేదు, ఏమీ కాలేదు.

"నాన్నా, నువ్వేంటి ఇక్కడ? చెప్పులేవి?"

దర్జీ ఆయన చెప్పాడు. పొద్దున ఎక్కగానే పై గుడ్డ అంచు మీద చెయ్యి ఆనింది, తడిగా తగిలిందట. "గుడ్డ తడిస్తే నా బొటనవేలికి ముందు తెలుస్తుందండి. నలభై ఏళ్ళు ఇస్త్రీకి నీళ్ళు చల్లాను. అమ్మాయికి చెప్పాను, మా నాన్న వేసిన అద్దం, కారదు అంది." అయినా నెమ్మదిగా పోదాం అందట. పల్లం దిగుతుంటే వైపర్లు ఆగాయి. ఎదర ఏమీ కనపడలేదు. ఆయన కంగారులో బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కాడు. అమ్మాయి తన వైపు బ్రేకు నొక్కి పట్టి, స్టీరింగు లాగి, అంచుకి తెచ్చి ఆపింది. అవతల లోయ లేదు కానీ బస్సు స్టాపు ఉంది. స్టాపులో జనం ఉన్నారు.

మా నాన్న వేసిన అద్దం, కారదు.

ఆ మాట విన్నాక వెనక తలుపు తీశాను. వెనక సీట్లో కూర్చుని, దర్జీ ఆయన ముందే చెప్పేశాను. నా వేలికి స్పర్శ లేదని. ఈ బండికి టక్ టక్ అని కొట్టాల్సింది టక్ అని కొట్టానని. కప్పులూ, గుండీలూ, రక్తం, అన్నీ తెలిసే ఊరుకున్నానని.

అమ్మాయి వెనక్కి తిరిగింది. నా చెయ్యి తీసుకుంది. చూపుడు వేలు కాలని పక్కన పట్టి నొక్కింది.

"తెలుస్తోందా?"

"లేదు."

ఇంకా గట్టిగా నొక్కింది. "ఇప్పుడు?"

"లేదమ్మా."

గోరు గుచ్చింది. గోరు దిగడం నాకు కనపడుతోంది. తన కళ్ళలో నీళ్ళు. "ఇప్పుడు నాన్నా?"

తెలిసిందని చెప్పాలనిపించింది. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. లేదు అన్నాను.

జూలై 2

డాక్టరు కళ్ళు మూసుకోమని సూదితో గుచ్చాడు. ఎక్కడ గుచ్చానో చెప్పమన్నాడు. గుచ్చడం మొదలుపెట్టారా అని అడిగాను. అయిపోయింది అన్నాడు.

మణికట్టు దగ్గర నరం నలిగిపోయిందట. ఇరవై రెండేళ్ళు గన్ను నొక్కి, తీగ లాగి, అలా అయిందట. చిన్న ఆపరేషన్ చెయ్యాలి. ఎంతవరకు తిరిగొస్తుంది అని అడిగితే, ఆలస్యంగా వచ్చారు అన్నాడు. ఎన్నాళ్ళ నుంచి ఉంది అన్నాడు. నిన్నటి నుంచి అనబోయాను. పక్కనే మా ఆవిడ ఉంది.

"చలికాలం నుంచి" అన్నాను.

 ఇంటికి వచ్చేదాకా ఆవిడ నా కుడి చెయ్యే పట్టుకుని నడిచింది. పట్టుకున్నట్టు కళ్ళతో చూసి తెలుసుకున్నాను.

జూలై 3

బావమరిదీ నేనూ పని పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాం. చలికాలం నుంచి నేను పొడి అన్న బండ్లు ముప్పై ఎనిమిది. ఒక్కొక్కరికీ నేనే ఫోన్ చేస్తున్నాను, అద్దం మళ్ళీ చూడాలి తీసుకురండి, తప్పు నాదే అని. బండి తిరిగొస్తే పరువు పోతుందని ఇన్నాళ్ళు భయపడ్డాను. ఇప్పుడు నేనే పిలుస్తున్నాను. పదకొండో ఫోనుకి ముందుగా మాటలు పేర్చుకోవడం మానేశాను.

టాక్సీ ఆయన, "ఇప్పుడు బాగానే ఉంది కదా మేస్త్రీ" అన్నాడు. అది నేను చేసింది కాదండి, మా బావమరిది చేశాడు, అందుకే బాగుంది అన్నాను. వాడు వినలేదేమో అనుకున్నాను. వాడి చెవులు ఎర్రబడ్డాయి.

జూలై 5

అమ్మాయి బండే ముందు. పైన ఒక చోట సీలెంట్ సన్నబడింది, కింది మూల దగ్గర చిటికెన వేలంత మేర లేనే లేదు. నా చెయ్యి ఆగిన చోట్లే.

బావమరిది గన్ను పట్టాడు. నేను పక్కన నిలబడి చెప్పాను. మూల తిరిగేటప్పుడు ఆగకు, ఊపిరి బిగపట్టకు, చెయ్యి కాదు ఒళ్ళంతా జరగాలి. "నువ్వు చెప్తుంటే వచ్చేది కూడా రావట్లేదు బావా" అన్నాడు. నోరు మూసుకున్నాను. అమ్మాయి స్టూలు మీద కూర్చుని ఇద్దర్నీ చూస్తూ నవ్వింది. మొన్నటి తర్వాత అదే మొదటి నవ్వు.

సాయంత్రం పరీక్ష. వాడు అలవాటుగా మేకు దగ్గరికి వెళ్ళి పైపు అందుకోబోయాడు. నేను ముందే తీసుకున్నాను. "లోపల కూర్చో" అన్నాను.  వాడు వెళ్ళి నా సీట్లో కూర్చున్నాడు.

పైపు ఎడమ చేత్తో పట్టుకున్నాను. ఇంత బరువని తెలియదు. కుళాయి తిప్పగానే మోచేతి దాకా నీళ్ళు కారాయి, చొక్కా తడిసింది, చెప్పుల్లోకి దిగాయి. అద్దానికి తగిలి వెనక్కి చిందిన నీళ్ళన్నీ నా మీదే పడ్డాయి. ఇరవై రెండేళ్ళు ప్రతి బండికీ వీడు ఇలా తడిశాడు. నేను లోపల పొడిగా కూర్చుని టక్ అని కొట్టాను.

కింది అంచు మొదలుపెట్టాను. టక్. నడిపేవాళ్ళ వైపు, టక్. పైన, టక్. పక్క సీటు వైపు దిగి, కింది మూలకి వచ్చాను. 

టక్.

పైపు కదపలేదు. అక్కడే పట్టి ఉంచాను. ఎందుకో వాడు కూడా వేలు అక్కడే ఉంచాడు.

టక్.

రెండోది వినపడగానే కుళాయి కట్టేశాను. అమ్మాయి స్టూలు మీంచి లేచింది. బావమరిది తలుపు తీసి దిగాడు, మొహం చిన్నబుచ్చుకుని. "కొంచెమే బావా. చెమర్చినట్టు ఉంది. రేపు దించి మళ్ళీ వేస్తాను." అని తలుపు నాకోసం తెరిచి పట్టుకున్నాడు. "నువ్వొకసారి చూస్తావా?"

నా కుడి చెయ్యి దానంతట అదే లేచింది. దాన్ని తెచ్చి తడి చొక్కా జేబులో పెట్టుకున్నాను.

"నువ్వు చెప్పావుగా" అన్నాను.